లేని పుస్తకం పోయిందని రాస్తారా?

విశాఖ నగరంలోని ఒక గ్రంథాలయంలో గత వారం జరిగింది వింటే ముందు నమ్మబుద్ధి కాదు. ఉత్తరాంధ్ర జాలరుల పాటల మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి అక్కడికి వెళ్లింది. విచారణ కౌంటర్లో కుర్చీ ఉంది, మనిషి లేడు. బల్ల మీద ఒక క్యూఆర్ స్టిక్కరూ, దాని కింద 'పుస్తకాల వివరాలకు ఏఐ సహాయకుడిని అడగండి' అన్న కాగితమూ అంటించి ఉన్నాయి. ఆమె అడిగింది. క్షణాల్లో జవాబొచ్చింది, పుస్తకం పేరు, రచయిత పేరు, రాజమండ్రిలో అచ్చయిన సంవత్సరం, చివరికి పేజీలెన్నో కూడా. అల్మరాలన్నీ వెతికినా దొరకలేదు. "ఫోన్లో ఉందంటే ఉంటాదమ్మా, ఎవరో పట్టుకెళ్లి తిరిగిచ్చుండరు" అన్నాడు అటెండరు. ఆ మాట పట్టుకుని ఆమె ద్వారకానగర్ నుంచి యూనివర్సిటీ దాకా మూడు రోజులు తిరిగింది. చివరికి రిటైరైన ఒక గ్రంథపాలకుడు ఆ రచయిత ఇంటివాళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటే, ఆయన నాటకాలు తప్ప ఇంకేమీ రాయలేదని తేలింది. అలాంటి పుస్తకమే లేదు.

ఇక్కడితో అయిపోతే చాట్‌బాట్ పొరపాటు అనుకుని ఊరుకునేవాళ్లం. మమ్మల్ని కూర్చోనివ్వనిది ఆ తర్వాత జరిగింది. ఆ గ్రంథాలయంలో కనిపించకుండా పోయిన పుస్తకాలు రాసే రిజిస్టరు ఒకటి ఉంటుంది, ఎర్ర అట్ట, నడుమ దారం ఊడిపోయింది. అందులో ఆ పుస్తకం పేరు ఎక్కించేశారు! గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వేసే వరస సంఖ్య, అంటే యాక్సెషన్ నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేశారు, ఎందుకంటే పుట్టని పుస్తకానికి నంబరెక్కడిది. యంత్రం కల్పించిన పేరుకు ప్రభుత్వ రిజిస్టరు సాక్ష్యం పలికింది. రేపు ఇంకో విద్యార్థి ఆ రిజిస్టరు చూసి తన థీసిస్‌లో ఆ పేరు రాస్తే తప్పు ఎవరిదని అడుగుతాం? ఆ థీసిస్ మళ్లీ ఇంటర్నెట్‌లోకి ఎక్కితే, దాన్ని చదివిన మరో యంత్రం ఈసారి ఆధారం చూపించి మరీ అదే అబద్ధం చెబుతుంది.

ఈ సహాయకుల వల్ల మేలు లేదని మేమనడం లేదు, చూపు లేనివాళ్లకు చదివి వినిపిస్తాయి, రాత్రి పదింటికి సందేహం వస్తే విసుక్కోకుండా చెబుతాయి, అది నిజమే. కానీ అది మనిషి పక్కన ఉండే పనిముట్టు. మనిషిని లేపేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టేది కాదు. ఒక చోట కూర్చోబెట్టామా, ఇక అదే ఆనవాయితీ అవుతుంది.

అసలు ఈ యంత్రం ఏం చేస్తుందో ఆ స్టిక్కరు అంటించినవాళ్లకు తెలుసా అన్నది మా మొదటి అనుమానం. గ్రంథాలయం కేటలాగుతో కలపనంత వరకు, ఆ అల్మరాల్లో ఏముందో దానికి తెలియదు. తను చదివిన కోట్ల వాక్యాల పోలికను బట్టి ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాస్తుంది, ఆ వరసలో పుస్తకం పేరూ ఒక మాటే, సంవత్సరమూ ఒక మాటే. పైగా మన తెలుగు సంగతి ఇంకా కష్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు, కానీ మన పాత పుస్తకాల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉన్నా స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉంది. ఆ చెదిరిన అచ్చులో వత్తులనూ గుణింతాలనూ గుర్తుపట్టడానికి యంత్రం తడబడుతుంది. దానికి తెలిసింది తక్కువైన చోటే ఊహ ఎక్కువవుతుంది. జాలరుల పాటల్లాంటివి సరిగ్గా ఆ చోటే ఉన్నాయి.

మా పత్రికా వృత్తి కూడా ఇందులో దెబ్బ తింది, దాచుకోవడం ఎందుకు. 2025 మే నెలలో అమెరికాలో చికాగో సన్-టైమ్స్ పత్రిక వేసవిలో చదవాల్సినవంటూ 15 పుస్తకాల జాబితా అచ్చేసింది. వాటిలో 10 పుస్తకాలు లోకంలోనే లేవు. రచయితలు నిజం, పుస్తకాలు కల్పన. బయటి నుంచి వచ్చిన పేజీలను ఎవరూ సరిచూడకుండా వేసేశారు. పత్రికలో ఎడిటరు, గ్రంథాలయంలో గ్రంథపాలకుడు, ఇద్దరూ చేయాల్సింది ఆ సరిచూడడమే కదా.

ఇప్పుడు మా అసలు భయం. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం, 1960 నాటి చట్టం ప్రకారం. ఆ వసూలైన డబ్బు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో అందడం లేదన్న మాట ఏళ్ల తరబడి వింటున్నదే, ఖాళీ అయిన పోస్టులు అలాగే ఉంటున్నాయన్నదీ పాత మాటే. ఇలాంటి సమయంలో ఒక గ్రంథాలయం స్టిక్కరుతో కౌంటరు నడిపేసి 'చూడండి, మనిషి లేకపోయినా జరిగిపోతోంది' అని చూపిస్తే, పై అధికారికి అంతకంటే చవకైన సాకు ఏం కావాలి? ఇవాళ ఇక్కడ ఒక కౌంటరు, రేపు ప్రతి శాఖా గ్రంథాలయం, ఎల్లుండి పోస్టే రద్దు. ఒకసారి రద్దయిన పోస్టు మళ్లీ రావడం మేమెక్కడా చూడలేదు. పైగా ఇది విశాఖ. గూగుల్ 2025 అక్టోబరులో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించిన ఊరు. ఇక్కడ ఏది మొదలుపెడితే దాన్ని అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం చూసి నేర్చుకుంటాయి. అందుకే ఈ ఒక్క స్టిక్కరు మీద ఇంత గట్టిగా మాట్లాడుతున్నాం.

చదువు సంగతీ ఇలాగే జారిపోతోంది. కథ చదవమంటే పది లైన్ల సారాంశం తీయించుకుని వచ్చే పిల్లలు మా ఇళ్లల్లోనూ ఉన్నారు. కథకుడు రావిశాస్త్రి ఈ ఊరి వకీలు, ఈ ఊరి కోర్టుల్లోనూ సందుల్లోనూ వినిపించే మాటను అదే యాసతో కాగితం మీద పెట్టారు. ఆ యాస తీసేసి 'పేదవారి దోపిడీని ఈ కథ వివరిస్తుంది' అని యంత్రం చెబితే చదివినట్టా? పాఠశాలలూ కాలేజీలూ సారాంశాన్నే జవాబుగా ఒప్పుకుంటే అదీ ఒక ఆనవాయితీయే, అదీ కౌంటరు మీది స్టిక్కరు లాంటిదే.

పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే చెప్పారు కదా, యంత్రం చేస్తున్నది అదే కదా అని కొందరు ఆయన పేరే తెచ్చి వాదిస్తున్నారు. ఆ అమ్మాయి మూడు రోజులు ఏ సమయం ఆదా అయిందో చెప్పండి. ఆదా చేసేవాళ్లు ఎలా ఉంటారో ఆ రిటైరైన ఆయన్ను చూస్తే తెలుస్తుంది. ఆమె విషయం చెప్పగానే ఆయన పుస్తకం పేరు అడగలేదు, "ఎందుకమ్మా, ఏం రాస్తున్నావు?" అని అడిగారు. విని, తెలుగు సాహిత్యం ఉండే 894.827 నంబరు అల్మరా వైపు కాకుండా జానపద సాహిత్యం ఉన్న చివరి అరకు తీసుకెళ్లి, అట్ట చిరిగిన పాటల సేకరణ ఒకటి తీసి, దుమ్ము చేత్తోనే తుడిచి ఇచ్చారు. ఆమెకు కావాల్సిన పాటలు అందులో ఉన్నాయి. అదే గ్రంథాలయం, అదే గది! స్టిక్కరుకు పది అడుగుల దూరం. 1914లో బెజవాడలో సభ పెట్టి ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా కోరుకున్నది ఇలాంటి మనిషినే.

కాబట్టి గ్రంథాలయ అధికారులను అడుగుతున్నాం. చాట్‌బాట్ పెట్టాలనుకుంటే ముందు మీ కేటలాగును కంప్యూటర్లోకి ఎక్కించండి, దానితోనే జవాబు చెప్పించండి, లేని పుస్తకానికి 'మా దగ్గర లేదు' అనడం నేర్పించండి. అది చెప్పిన ఏ పేరైనా సరే గ్రంథపాలకుడి సంతకం లేకుండా ఏ రిజిస్టరులోనూ రాయకూడదని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఖాళీ పోస్టుకు స్టిక్కరు భర్తీ కాదని అందులోనే చేర్చండి. ఆ ఎర్ర రిజిస్టరులో తప్పుడు పద్దు ఈ వారం దాటకుండా కొట్టేయండి, ఎందుకు కొట్టేశారో పక్కనే రాయండి. జనం పన్నుతో నడిచే గ్రంథాలయంలో కూర్చుని, ఉన్న పుస్తకం పది అడుగుల దూరంలో ఉంటే లేచి చూడకుండా, లేని పుస్తకాన్ని దొంగలు ఎత్తుకుపోయినట్టు రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?