గీజర్ మార్చారు

నిజాంపేటలో మాది ఫస్ట్ ఫ్లోర్, కింద ఓనర్లు. బాత్రూంలో గీజర్ ఎప్పటిది అంకుల్ అని అడిగితే "మొన్నే బాబూ, మా అమ్మాయి పెళ్ళికి కొన్నాం" అన్నారు. ఆ అమ్మాయి కొడుకు ఇప్పుడు ఏడో క్లాసు, ఐఐటీ ఫౌండేషన్ కూడానట. ఓనర్లు వస్తువుల వయసు ఏళ్ళల్లో చెప్పరండీ, ఫంక్షన్లలో చెప్తారు, బిల్లు అడిగితే శుభలేఖ చూపిస్తారేమో.

15 లీటర్ల ట్యాంకు, 2000 వాట్ల కాయిల్, లెక్కప్రకారం ఓ 20 నిమిషాల్లో నీళ్ళు కాగాలి, మాది మాత్రం స్విచ్ వేసి టిఫిన్ తిని పేపరు చదివి వచ్చినా గోరువెచ్చగానే, పైగా లోపల్నుంచి గుడగుడమని ఒకటే చప్పుడు. ఎలక్ట్రీషియన్ కాయిల్ బయటికి లాగాడు, బోరు నీళ్ళ సాల్ట్ పట్టి సున్నంలో ముంచిన జంతికలా ఉంది. "మెగ్నీషియం రాడ్ ఉంటది సార్, ట్యాంకుకి తుప్పు పట్టకుండ అదే అరిగిపోతది, దీంట్ల ఎప్పుడో అయిపోయింది. కాయిలంటే మారుస్త గానీ ట్యాంకే కారుతుంటే ఇగ కొత్తది పెట్టుడే" అన్నాడు. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని ట్యాంకు కింద వేలు పెట్టి చూసి "కారట్లేదయ్యా, చెమట పట్టింది" అన్నారు. కింద బకెట్ కూడా ఆయనే పెట్టి వెళ్ళారు.

ఇక ఓ శనివారం పొద్దున్నే నేను స్విచ్ వేయగానే టప్‌మని ఇల్లంతా కరెంటు పోయింది. కాయిల్ చిట్లి కరెంటు నీళ్ళల్లోకి లీకైతే బోర్డులో ఆర్‌సీసీబీ అనే సేఫ్టీ స్విచ్ దానంతటదే పడిపోతుంది, మన ప్రాణాలు కాపాడేది అదే, కాకపోతే రెండు పోర్షన్లకీ అదొక్కటే ఉంది. కింద ఆంటీ గ్రైండర్‌లో మినప్పప్పు సగం నలిగి ఆగిపోయింది, మర్నాడు వియ్యాలవారు వస్తున్నారట పాపం. "ఆ గీజర్ పీకిస్తారా, లేక ఈ పప్పు మీరు రోట్లో రుబ్బుతారా?" అని ఆవిడ వేసిన కేక మా వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడింది.

సాయంత్రానికల్లా ఐదు స్టార్ల కొత్త గీజర్ దిగింది. మా ఆవిడ బొట్టు పెడదామని కుంకుమ భరిణె పట్టుకుని సంబరంగా కిందకెళ్తే, దాన్ని వాళ్ళ బాత్రూంలో బిగిస్తున్నారు. వాళ్ళ పాతది మాకట. "అప్పటి సరుకు బాబూ, గృహప్రవేశానికి కొన్నది, బాడీ చూడు ఎంత గట్టిదో" అంటూ అంకులే మోసుకొచ్చారు, మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకుని మెల్లిగా అన్నారు:

"వచ్చే నెల నుంచి అద్దె ఓ ఐదొందలు పెంచుదాం బాబూ, గీజర్ మార్చాంగా."