పొద్దుటి పరుగు పిల్లల తప్పు కాదు

మన అసోసియేషన్ కార్యక్రమాల్లో చిన్నపిల్లల తల్లిదండ్రులు నలుగురు ఒకచోట చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా పొద్దున స్కూలు హడావుడి దగ్గరికే వస్తాయి. "మావాడికి ఒక్క సాక్సు తొడుక్కోవడానికి పావుగంట పడుతుందండీ" అని ఒకరంటే, "మా అమ్మాయికి సరిగ్గా బయల్దేరే టైముకే బొమ్మలు గుర్తొస్తాయి" అని ఇంకొకరు అందుకుంటారు. ఆ వెంటనే సలహాలు. గోడకి చార్టు పెట్టండి, స్టిక్కర్లు ఇవ్వండి, అరగంట ముందు లేపండి. వీటన్నిటి వెనకా ఒకటే నమ్మకం: పిల్లలు నెమ్మది, వాళ్ళని తొందరపెట్టి దారిలో పెట్టాలి. నాకు ఆ నమ్మకం దగ్గరే పేచీ. ఐదారేళ్ళ పిల్లల వేగం అంతే ఉంటుంది. తేడా ఉన్నది మనం వేసుకునే లెక్కలో.

ఆ లెక్క ఎలా తప్పుతుందో పరిశోధించి చూపించినవాళ్ళున్నారు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ చివరి సంవత్సరం విద్యార్థుల్ని థీసిస్ ఎన్నిరోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. సొంత పని విషయంలోనే ఇంత తేడా వస్తే, ఐదేళ్ళ పిల్ల పనికి ఇంత టైము చాలని మనం ఎలా చెప్పగలం? పళ్ళు తోమడానికి మూడు నిమిషాలు అనుకుంటాం. అది అన్నీ సవ్యంగా జరిగిన రోజు లెక్క. బ్రష్ వెతకడం, స్టూలు జరుపుకోవడం, పేస్టు చొక్కా మీద పడటం, ఆ చొక్కా మార్చడం అందులో లేవు. ఒక వారం పాటు ఏ పనికి నిజంగా ఎంతసేపు పడుతోందో ఫోన్లో రాసి పెట్టుకుంటే, మన టైమ్‌టేబుల్లో ఎన్ని నిమిషాలు అసలు లేనివో తెలిసిపోతుంది.

జాకెట్ జిప్పునే చూడండి. మనం చూడకుండానే లాగేస్తాం. పిల్లలకి అది రెండు చేతులతో రెండు వేర్వేరు పనులు. ఒక చేత్తో ఒక అంచుని కదలకుండా కిందికి బిగబట్టాలి. రెండో చేత్తో ఇంకో అంచు చివరున్న సన్నటి ముక్కని జిప్పు తలలోంచి అడుగుదాకా దూర్చాలి. అది అడుగు తాకిందో లేదో వేళ్ళకి తెలియాలి. అప్పుడు పైకి లాగాలి. కొంచెం ముందు లాగితే పళ్ళు కలవవు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించి, నాలుక కొస బయటపెట్టి పిల్ల మూడోసారి దూరుస్తుంటే, మనం గుమ్మంలో తాళాలు ఆడిస్తూ "ఇంకా అవ్వలేదా?" అంటాం. చేయి జారుతుంది. ఇక ఆగలేక మనమే వంగి సర్రున లాగేస్తాం. మర్నాడూ ఇంతే.

జిప్పు నేర్పాలంటే సెలవు రోజు సాయంత్రం నేర్పాలి, తీరిగ్గా, పదిసార్లు పెట్టనిచ్చి. అది వచ్చేదాకా స్కూలు రోజుల్లో మనమే పెట్టేస్తే తప్పేమీ లేదు. వెల్క్రో షూస్ కొంటే లేసులు కట్టుకోవడం రాదేమోనని కొందరి భయం. లేసులు చాలామందికి ఐదు, ఏడేళ్ళ మధ్య ఎప్పుడో వచ్చేస్తాయి. వాటి పాఠం గుమ్మం దగ్గర, కారు స్టార్ట్ చేసి పెట్టి చెప్పేది కాదు.

ఇక మనం చెప్పే తీరు. "షూస్ వేసుకో, బ్యాగు తెచ్చుకో, నీళ్ళ సీసా మర్చిపోకు, బాత్రూమ్ లైటు ఆపు" అని వంటగదిలోంచి ఒక్క గుక్కలో అరుస్తాం. ఆ వయసు బుర్రలో ఒకేసారి అన్ని మాటలు నిలవవు. ఒకటో రెండో పట్టుకుంటారు, మిగిలినవి గాలికి పోతాయి. దాన్ని మనం పెడచెవిన పెట్టడం అనుకుంటాం. దగ్గరికెళ్ళి, మొహం చూసి, ఒక్క పని చెప్పి, అది అయ్యాక రెండోది చెప్తే మొత్తం మీద టైము కలిసొస్తుంది. "ఇంకా ఐదు నిమిషాలే" అనడం కూడా గడియారం చూడటం రానివాళ్ళకి పెద్దగా ఉపయోగపడదు. ఇసుక గడియారమో, మిగిలిన టైము రంగు ముక్కలా తరిగిపోతూ కనిపించే టైమరో పెడితే కొంతమందికి బాగా పనికొస్తుంది. కొంతమందికి దాన్ని చూస్తేనే టెన్షన్. అలాంటి పిల్లలుంటే తీసి అవతల పెట్టేయండి.

నిద్ర సంగతి అందరికీ తెలిసిందే గానీ, కూర్చుని లెక్క కట్టేవాళ్ళు తక్కువ. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి 10–13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళవాళ్ళకి 9–12 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఆరున్నరకి లేవాల్సిన ఆరేళ్ళ పిల్లకి పది గంటలు దక్కాలంటే రాత్రి ఎనిమిదిన్నరకి నిద్రలో ఉండాలి. మంచం ఎక్కి కబుర్లు మొదలుపెట్టే టైము కాదది. కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఉంది. 3–5 ఏళ్ళ పిల్లలు పదిమందిని పడుకునే ముందు గంటసేపు బాగా ప్రకాశవంతమైన వెలుతురులో ఉంచితే, నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ సగటున 88 శాతం తగ్గిపోయింది. లైటు ఆపిన 50 నిమిషాల తర్వాత కూడా చాలామందిలో అది పూర్తిగా కోలుకోలేదు. పదిమందితో చేసినదాన్ని పట్టుకుని ఇంట్లో దీపాలన్నీ ఆర్పమని నేననను. హాల్లో పెద్ద లైట్లు తగ్గించడం మాత్రం ఖర్చులేని పని. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సాయంత్రం పిల్లలతో గడిపేదే రెండు గంటలు, అందులోంచి ఇంకొంత కోసేయమనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నిద్ర సరిపోని పిల్లని పొద్దున ఏ చార్టూ లేపలేదు. నిండా నిద్రపోయినా సరే, లేచాక మొదటి పావుగంట, అరగంట బుర్ర మందంగానే ఉంటుంది. ఆ టైములో "ఏ చొక్కా వేసుకుంటావ్?" అని అడిగి గొడవ కొనితెచ్చుకోవడం ఎందుకు?

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించే సలహా ఇంకొకటుంది. "పిల్లలకంటే గంట ముందు లేవండి, ప్రశాంతంగా ఉంటుంది." ఎవరు లేవాలి? చాలా ఇళ్ళల్లో అమ్మే. అంటే ఇంటి ప్రశాంతతకి ఆమె నిద్రలోంచి గంట కోత. పైగా ఆ పొద్దుటి జాబితా అంతా ఆమె తలలోనే ఉంటుంది: లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాల్సిన రోజేది, ఏ కాగితం మీద సంతకం కావాలి, ఆటల పీరియడ్ ఎప్పుడు. "ఏం చేయాలో చెప్పు, చేసేస్తాను" అని భర్త మంచి మనసుతోనే అంటాడు. ఆ చెప్పడం కూడా ఒక పనే, అదీ ఆమెకే పడుతుంది. అందుకే పనుల్ని ముక్కలుగా కాకుండా నిండుగా పంచుకోవాలి. బ్యాగు నాన్నది అయితే మొత్తం నాన్నదే. స్కూలు నుంచి వచ్చే మెసేజులు చదవడం, సంతకాలు పెట్టడం, రాత్రే సర్ది గుమ్మం దగ్గర పెట్టడం, ఏదైనా మర్చిపోతే స్కూలుకి ఫోన్ చేయడం, అన్నీ. మొదట్లో ఒకటి రెండు మర్చిపోతాడు. అప్పుడు అమ్మ మధ్యలోకి దూరకుండా ఉండటమే అసలు కష్టం.

పిల్లల్ని ఒక్కరే పెంచుతున్నవాళ్ళకి పంచుకోవడానికి ఇంకో మనిషి ఉండరు. వాళ్ళు పనుల్ని వదిలేయడమే దారి. పక్క సర్దకపోయినా కొంపలు మునగవు. స్నానం రాత్రికి మార్చొచ్చు. సాక్సులన్నీ ఒకే రంగువి కొంటే జత వెతికే పనే ఉండదు.

రోజూ "స్కూలుకి వెళ్ళను" అని ఏడుస్తున్నా, సెలవురోజు రాని కడుపునొప్పి స్కూలు రోజు పొద్దున మాత్రమే వస్తున్నా, అది పొద్దుటి హడావుడి సంగతి కాకపోవచ్చు. టీచరుతో మాట్లాడాలి, డాక్టరుకి కూడా చూపించాలి.

ఆఫీసు గురించి కూడా ఒక మాట. ఈమధ్య కొందరు నాన్నలు పిల్లల్ని దింపే టైములో మీటింగులు పడకుండా క్యాలెండర్లో ఆ అరగంట బ్లాక్ చేసి పెట్టుకుంటున్నారు. మంచి పని. కాకపోతే కారణం రాయడానికి మొహమాటపడి "పర్సనల్" అని పెడుతున్నారట. "పిల్లల్ని స్కూల్లో దింపాలి" అనే రాయండి. మీ టీములో చేరిన కొత్త తల్లో తండ్రో అది చూసి, తమకీ ఆ అరగంట కావాలని అడగగలుగుతారు.