చివరి లైన్లో ఒక్క అక్షరం

మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఇల్లు. రాత్రి 9కి పైథాన్ ప్రోగ్రాం నడవబెట్టి పడుకున్నాను. లేచి చూస్తే, మూడు గంటలు నడిచి, ఫలితాన్ని ఫైల్లో రాయాల్సిన చివరి లైన్లో ఆగిపోయి ఉంది. ‘టోటల్’ అన్న పేరు అక్కడ ‘టోట్టల్’ అని పడింది. అంతే, లెక్కంతా గంగపాలు! ఆ లైను దాకా వస్తే గానీ ఆ పేరు ఉందో లేదో పైథాన్ చూడదా? సీ ప్లస్ ప్లస్ భాష అయితే కంపైల్ దగ్గరే, అంటే నడిపే ముందు ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చేటప్పుడే, పట్టేసేది.

పోనీ అదైనా సుఖమా? ఆఫీసు ప్రాజెక్టులో చాలా ఫైళ్లు ఉమ్మడిగా వాడుకునే ఒక హెడర్ ఫైల్లో ఒక్క లైను మారిస్తే చాలు, దాన్ని కలుపుకున్న ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ కావాలి. నిన్న 40 నిమిషాలు కాచుకున్నాక తెలిసింది, నేను చేసిన మార్పే తప్పని. పైథాన్‌లో అది క్షణాల్లో తేలేది.

పొద్దున్న పదింటికి రిపోర్టు ఇవ్వాలి. ఒకటే టెన్షన్.