సవరణ: ఆ డైరీ రీడ్‌ది కాదు, బ్రీన్‌ది

1846లో అమెరికాలో బండ్ల మీద కాలిఫోర్నియాకు వలస బయల్దేరిన డానర్ బృందం గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, వాళ్లు సియెర్రా నెవాడా పర్వతాల్లోని ట్రకీ సరస్సు దగ్గర మంచులో చిక్కుకున్న రోజుల డైరీ బృందంలోని జేమ్స్ రీడ్‌దని చెప్పాను. అది తప్పు. రాసింది ప్యాట్రిక్ బ్రీన్, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన రైతు. పొరపాటుకు మన్నించండి.

బృందం దారిలోనే వెలివేయడంతో రీడ్ ముందుగా కాలిఫోర్నియా చేరాడు. ఆ చలికాలం సరస్సు దగ్గర ఆయన లేనే లేడు. బ్రీన్ మాత్రం భార్య, ఏడుగురు పిల్లలతో అక్కడే ఉన్నాడు. ఎనిమిది కాగితాలు మడిచి చేసుకున్న పుస్తకంలో 1846 నవంబరు 20 నుంచి గాలి, మంచు, కరిగిపోతున్న తిండి గురించి రాస్తూ వచ్చాడు. ఆఖరి రోజు 1847 మార్చి 1. ఆ రోజే రీడ్ సహాయక బృందంతో అక్కడికి చేరాడు! బ్రీన్ కుటుంబంలో తొమ్మిది మందీ బతికారు. డైరీ ఇప్పుడు బర్క్‌లీలోని బాన్‌క్రాఫ్ట్ గ్రంథాలయంలో ఉంది.