బొంతకు పనికిరాని బట్టకు పచ్చ లేబులా?

మొన్న మా మేనకోడలికి పాప పుట్టింది. పాపకు బొంత కుట్టిద్దామని అమ్మ బీరువాలోని పాత చీరలన్నీ తీసి మంచం మీద పోసింది. ముప్పైకి పైనే ఉన్నాయి. కంచరపాలెంలో ఏళ్ల తరబడి బొంతలు కుడుతున్న ఒక పెద్దావిడ వచ్చి, ఒక్కో చీర కొంగు వేళ్ల మధ్య నలిపి చూసి పక్కన పడేస్తూ పోయింది. చివరికి ఆమె ఒళ్లో మిగిలినవి నాలుగే. "మిగతావి ఏం పాపం చేశాయి పిన్నీ?" అన్నాను. "ఇయ్యి జారిపోతాయి బాబూ, సూది నిలవదు. సెమట పీల్చవు. సంటిదానికి ఉడుకెత్తిపోద్ది" అంది. పక్కన పడ్డవాటిలో పండక్కి నేను కొనిచ్చినవి కూడా ఉన్నాయి. ఖరీదు పెట్టి కొన్నవే.

ప్రపంచ వస్త్ర పరిశ్రమ 'సస్టైనబిలిటీ' (పర్యావరణానికి చేటు లేని తయారీ) పేరుతో ఇన్నేళ్లుగా చెబుతున్న కబుర్లకు ఆ పెద్దావిడ వేళ్ల దగ్గరే జవాబు దొరికిందని నాకు అనిపించింది. ఫ్యాక్టరీ కప్పు మీద ఎన్ని సోలార్ పలకలు పెట్టారు, కాలరు దగ్గర ఎన్ని ఆకుపచ్చ ముద్రలు వేశారు అన్నది తర్వాత సంగతి. బట్ట పాతబడ్డాక ఏమవుతుంది? అసలు పరీక్ష అదే. నూలు చీర పాతబడితే బొంత అవుతుంది, పొత్తిళ్ల గుడ్డ అవుతుంది, తర్వాత వంటింట్లో మసిగుడ్డ అవుతుంది, ఆఖరి పీలిక మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టర్ చీర కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు చేరుతుంది. లేదంటే ఏదో ఒక గెడ్డలో పడి వానాకాలం వరదతో సముద్రంలోకి పోతుంది. జోడుగుళ్లపాలెం దగ్గర ఒడ్డుకు లాగిన వలలో ఒకసారి చేపల కంటే ముందు నా కంటబడింది పూలపూల చీర ముక్క. ఉప్పునీళ్లలో ఎన్నాళ్లు నానిందో, రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

లెక్కలు చూద్దాం. 2023లో ప్రపంచం తయారు చేసిన దారపు పోగులు సుమారు 12.4 కోట్ల టన్నులు. అందులో 57 శాతం పాలిస్టరే. పత్తి వాటా దాదాపు 20 శాతం. పాత బట్టల నుంచి మళ్లీ తీసిన పోగు మొత్తం ఉత్పత్తిలో ఒక్క శాతం కూడా లేదు. మరి షాపుల్లో 'రీసైకిల్డ్' అని రాసి అమ్ముతున్న టీషర్టుల మాటేమిటి? వాటిలో ఉన్నది దాదాపు అంతా మంచినీళ్ల సీసాల ప్లాస్టిక్. సీసాను సీసాగానే మళ్లీ మళ్లీ కరిగించి పోయొచ్చు. దాన్ని చొక్కాగా మార్చారంటే ఆ తిరుగుడు అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ చొక్కాను మళ్లీ చొక్కాగా మార్చే పని ఎక్కడా చెప్పుకోదగ్గ స్థాయిలో జరగడం లేదు. పైగా ఉతికినప్పుడల్లా అది పొట్టు రాలుస్తుంది. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో లెక్కగట్టారు: 6 కిలోల యాక్రిలిక్ (ఊలును పోలిన కృత్రిమ పోగు) బట్టలు ఒక్కసారి మెషీన్‌లో వేస్తే 7 లక్షలకు పైగా సన్నని పోగులు నీళ్లలో కలుస్తాయి. పాలిస్టర్ అంతకంటే కొంత తక్కువ, అంతే. విశాఖలో ప్రతి అపార్టుమెంటు బాల్కనీ కింద నుంచి పోయే సబ్బు నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో మనకు తెలియనిది కాదు.

నిజమైన ఆవిష్కరణలు లేవని కాదు. స్వీడన్‌లో రీన్యూసెల్ అనే కంపెనీ పాత నూలు బట్టలను కరిగించి కొత్త పోగుకు ముడిసరుకు చేసింది. 2022లో సండ్స్‌వాల్‌లో పెద్ద మిల్లు పెట్టింది. మహా మహా బ్రాండ్లు ఫొటోలు దిగాయి, ఒప్పందాలు ప్రకటించాయి. తీరా సరుకు తయారయ్యాక తగినన్ని ఆర్డర్లు రాలేదు. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. తర్వాత వేరే యాజమాన్యం చేతికి వెళ్లింది. నాకు ఇందులో కనబడేది టెక్నాలజీ ఓటమి కాదు. పాత బట్టల నుంచి తీసిన పోగు కొంచెం ఖరీదు. ఆ కొంచెం ఖరీదు భరించడానికి, పర్యావరణం గురించి పేజీలకు పేజీలు రాసుకునే కంపెనీల్లో తగినన్ని ముందుకు రాలేదు. అందుకే లేబుళ్ల మీద నాకు నమ్మకం లేదు, చట్టం మీద ఉంది. తమిళనాడులో బనియన్లకు పేరుపడ్డ తిరుప్పూరునే తీసుకోండి. నొయ్యల్ నది రంగునీళ్లతో చచ్చిపోయాక, 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించాకే అక్కడ చుక్క మురుగు బయటకు వదలని పద్ధతి గట్టిగా అమలులోకి వచ్చింది. అమ్ముడుపోని బట్టలను పెద్ద కంపెనీలు నాశనం చేయడంపై యూరోపియన్ యూనియన్ 2026 జులై నుంచి నిషేధం పెట్టింది. అది కూడా చట్టమే.

పాలిస్టర్ లేకపోతే పేదవాడు ఏం కట్టుకుంటాడు, పత్తికి మాత్రం నీళ్లు, పురుగుమందులు అక్కర్లేదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క నూలు టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయన్న లెక్క నేనూ చదివాను. కానీ ఆ ఒక్క లెక్కతో పత్తి అంతటినీ ఒకే గాటన కట్టలేం. కాలువ కింద మందులు కొట్టి పండించే పత్తి వేరు, వానకు పెరిగే నాటు పత్తి వేరు. ఇక పేదవాడి మాట. మూడు వందల చీర ఏడాదికి నాలుగు కొనిపించే బజారు, పేదవాడి జేబు చూసి పుట్టిన బజారు కాదు.

ఆ నాటు పత్తి మనకు దూరంలో లేదు. విశాఖ నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలో పొందూరు ఉంది. పొందూరు ఖద్దరు పేరు తెలియని తెలుగువాడు ఉండడు కాబట్టి చరిత్ర జోలికి పోను, పని మాత్రం చెబుతాను. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే, పత్తిలో ఉన్న నలుసంతా వాటికి చిక్కుకుని పోగు మాత్రం పట్టులా జారి బయటకు వస్తుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులను అరటి బోదె పట్టలో చుట్టి పెట్టుకుంటారు, వడికేటప్పుడు దుమ్ము తగలకుండా, చేతి చెమట అంటకుండా. అలా వడికిన నూలు వంద కౌంటుకు చేరుతుంది (కౌంటు అంటే నూలు సన్నదనానికి కొలత; అంకె పెరిగేకొద్దీ దారం సన్నం). ఈ పనిలో కరెంటు లేదు, రసాయనం లేదు, పారబోసే చెత్త లేదు. చేప తిన్నాక మిగిలిన దవడ కూడా పనిముట్టయింది. యూరప్‌లో ఎవరైనా ఇవాళ ఇది కనిపెట్టి ఉంటే అవార్డులిచ్చి, అంతర్జాతీయ సదస్సుల్లో వేదిక ఎక్కించేవాళ్లు. ఇక్కడ రోజంతా వడికిన ఆడమనిషికి ఉపాధి హామీ కూలి కూడా గిట్టడం లేదు. ఆమె కూతురు ఆ రాట్నం ముందు ఎందుకు కూర్చుంటుంది?

ఖద్దరు ఒక్కటే ఊరందరికీ బట్ట ఇవ్వలేదు, నిజమే. అందుకే నేను గోగునార దగ్గరికి వస్తున్నాను. నా అసలు బాధ కూడా అక్కడే ఉంది.

మా తాతగారి ఊరు చీపురుపల్లి దగ్గర. చిన్నప్పుడు గోగు కోతల కాలంలో ఊరి చెరువు వాసన అర కిలోమీటరు అవతలికే తెలిసేది. కట్టలు కట్టి నీళ్లలో ఊరేసిన గోగు కుళ్లే వాసన అది. ఆడామగా నడుము లోతు నీళ్లలో నిలబడి, కర్రను కొట్టి, నారను ఒక్క లాగుడుతో ఒలిచేవాళ్లు. కడిగి దండెం మీద ఆరేస్తే ఎండకు బంగారు రంగులో మెరిసేది. మిగిలిన పుల్ల పొయ్యిలోకి, తడికెలకి. ఆకు సంగతి ఆంధ్రావాడికి చెప్పక్కర్లేదు, గోంగూర దానికి అక్కాచెల్లెలు వరస. ఆ నార నెల్లిమర్లకో, చిట్టివలస జూట్ మిల్లుకో బండ్ల మీద పోయేది. గోనెసంచులై దేశమంతా తిరిగేది. పెద్దగా నీళ్లు తాగని, మందులు అడగని పంట. వాడి పారేస్తే మట్టిలో మట్టి అయిపోయే సంచి. ఇవాళ ప్రపంచం జనుము, అవిసె, గంజాయి నార అంటూ 'రేపటి పోగులు' అని వెతుకుతున్నది సరిగ్గా ఈ జాతినే.

చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్ అయింది. వేల కుటుంబాలు తగరపువలస, భీమిలి చుట్టుపక్కల చెల్లాచెదురయ్యాయి. ప్లాస్టిక్ సంచి చౌక అన్నారు. ముడిసరుకు గిట్టడం లేదన్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు తీసేసి మొక్కజొన్న వేశారు. ధాన్యాన్ని గోనెసంచుల్లోనే నింపాలని 1987లో చేసిన చట్టం నేటికీ ఉంది. ప్రతి ఖరీఫ్‌లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. కొనుగోలు కేంద్రాల దగ్గర రైతు ధాన్యం రాశి పోసుకుని, మబ్బు పడితే టెన్షన్ పడుతూ, సంచులు ఎప్పుడొస్తాయని ఎదురుచూస్తుంటాడు. గోనె కోసం బెంగాల్ వైపు చూస్తాం. గోగు పండే నేల మనది, గోనె నేసే చేతులు మనవి, మూతపడ్డ మిల్లు కూడా మనదే.

నారను కుళ్లబెట్టే పద్ధతి చెరువును పాడుచేస్తుందంటారు. దానికీ మందు ఉంది. బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ సూక్ష్మజీవుల పొడి తయారు చేసింది, తక్కువ నీళ్లలో తక్కువ రోజుల్లో నార వస్తుంది. మన ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా కేంద్రం గోగులో మంచి రకాలు ఎప్పటినుంచో ఇస్తోంది. గ్రామీణ రోడ్ల కింద, కొండవాలుల్లో మట్టి జారకుండా పరిచే నార వస్త్రానికి జాతీయ ప్రమాణాలున్నాయి. ఇంతకంటే కొత్తదనం ఇంకేం కావాలి?

ఉత్తరాంధ్ర అనగానే ప్రభుత్వాలకు రెండే గుర్తొస్తాయి: భూములు, చౌక చేతులు. అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్‌కు వెయ్యెకరాలు ఇచ్చారు. వేలమంది ఆడపిల్లలు తెల్లారకుండా బస్సులెక్కి వెళ్లి కుడుతున్నారు. ఆ జీతంతో తమ్ముళ్లను చదివించుకున్న పిల్లలు నాకు తెలుసు, ఆ ఉద్యోగాలు వద్దని నేను అనను. కానీ అక్కడ కుట్టే లోదుస్తుల్లో పోగు మనది కాదు, డిజైన్ మనది కాదు, బ్రాండు మనది కాదు. మనది ఒక్క కుట్టు. ఆ కుట్టు ధర ఎవరో దూరాన నిర్ణయిస్తారు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు దేశంలోని కుట్టు పరిశ్రమ అంతా ఒక్కసారిగా వణికింది. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మళ్లీ ఇంకోసారి అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో విషవాయువు పీల్చి మహిళా కార్మికులు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఏ పచ్చ లేబుల్ మీదా ఆ రోజుల ప్రస్తావన ఉండదు. రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, పెట్టుబడులు వస్తాయన్నారు. వస్తాయేమో. ఆ పదో గంట మాత్రం ఆ పిల్లలదే.

కేంద్రం 2023లో ప్రకటించిన ఏడు పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. లేనందుకు నేను ఏడవడం లేదు. మనకు కావలసింది ఇంకో వెయ్యెకరాల ప్రహరీ కాదు. రాష్ట్రం కొనే ప్రతి ధాన్యం సంచిలో కొంత భాగం ఉత్తరాంధ్ర గోగునారతో ఇక్కడే నేసింది కావాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఐదేళ్లపాటు ధర ముందే చెప్పండి. రైతు గోగు వేస్తాడా వేయడా నేను చూపిస్తాను. పొందూరులో వడికే చేతికి కనీసం కుట్టుమిషన్ మీద పనిచేసే చేతికి ఇచ్చేంతైనా ఇవ్వండి. చిట్టివలస మిల్లు స్థలం మీద రియల్ ఎస్టేట్ కన్ను ఎప్పటినుంచో ఉంది. ప్లాట్లు వేసే ముందు ఆ మిల్లులో ఎవరి తాత పనిచేశాడో తగరపువలస వీధుల్లో ఒకసారి అడగండి.

మా పాప బొంత నాలుగు చీరలతోనే తయారైంది. మామూలు బొంత కంటే కొంచెం పలచగా వచ్చింది. పెద్దావిడ డబ్బులు తీసుకుంటూ, నాలుగు వీధులు తిరిగితే ఒక్క బొంతకు సరిపడా నూలు చీరలు దొరకడం లేదనీ, వచ్చే ఏడాదికి ఈ పని మానేసి గాజువాకలో హౌస్‌కీపింగ్‌లో చేరిపోతాననీ చెప్పింది.