గువ్వలచెరువు ఘాట్ ఎక్కిన మారుతి

మారుతి 800 కారు చౌక కాబట్టే అంతగా అమ్ముడైందని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను సార్. 1983 డిసెంబరులో వచ్చినప్పుడు దాని ధర 50 వేలకు అటూ ఇటూ. ఆ రోజుల్లో మా కడపలో మామూలు ఉద్యోగికి అదేం చిన్న మొత్తం కాదు.

అసలు గొప్పంతా బండి కట్టిన తీరులో ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. దాన్ని బానెట్ కింద అడ్డంగా పెట్టి, ముందు చక్రాలనే తిప్పించారు. వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్ట్ లేదు, దాని బరువూ లేదు. మిగిలిన చోటంతా మనుషులకే. చక్రాలు చూస్తే 12 అంగుళాలు, బొమ్మ కారుకు బిగించినట్టు!

మా నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నది 1986లో రూపం మారాక వచ్చిన రకం. తెల్లది. చలికాలం పొద్దున్నే చోక్ (చల్లబడ్డ ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచే పిడి) లాగితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు. ఏసీ ఉన్న డీలక్స్ కాదులెండి, అద్దాలు దించుకోవడమే. ఐదుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం మూట వేసుకుని రాయచోటికి పోయేవాళ్లం. గువ్వలచెరువు ఘాట్‌లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కేది. టెంపరేచర్ ముల్లు పైకి పోయేకొద్దీ అమ్మకు టెన్షన్. "నేను దిగి నడుస్తా, బండికి బరువు తగ్గుతుంది" అనేది. ఒక్కసారి కూడా దిగాల్సి రాలేదు.

2014లో తయారీ ఆపేశారు. మాది అంతకు ముందే అమ్మేశాం. ఆ చోక్ పిడి ఊడితే నాయన కట్టిన సైకిల్ ట్యూబు ముక్క మాత్రం ఇంకా గుర్తుంది.