బుడగలు కరిగించు మండలి, బ్రాడీపేట

మా మేనకోడలికి మూడు నెలలు నెలసరి రాలేదు. గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ తీయించుకుని, ఆ కవరు పట్టుకుని ఆటో దిగేలోపే కబురు వీధంతా పాకింది. డాక్టరమ్మ చెప్పింది పీసీఓఎస్ అని, అంటే హార్మోన్లు గతి తప్పే అండాశయాల సమస్య. వీధికి వినపడింది గర్భసంచిలో నీటిబుడగలని. అవి ఉన్నది అండాశయాల్లో, బుడగలు కావు, ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులని ఆ పిల్ల చెప్పబోయింది. ఎవరికి కావాలి? బుడగలైతే కషాయం పోసి కరిగించవచ్చు. ఆగిపోయిన సంచులకి కషాయం ఎవరు కాస్తారు?

సాయంత్రానికి మా హాల్లో వైద్య మండలి కొలువు తీరింది. మినిట్స్ రాసే బాధ్యత నాది. నెలసరి గతి తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, స్కానింగులో అండాశయాలు ఆ తీరుగా కనపడటం, ఈ మూడింట్లో రెండుంటేనే పీసీఓఎస్ అనాలని 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని తేల్చారు. మా మండలికి ఒక్క లక్షణం చాలు: పిల్లకి ఇంకా పెళ్లి కాలేదు. మాఘమాసం ముహూర్తాల లోపు తగ్గిపోవాలని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

ఎదురింటి పిన్నిగారు మెంతులన్నారు, పక్కింటావిడ దాల్చిన చెక్కన్నారు. వీటి మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగిన మాట నిజమే. పుదీనా జాతి స్పియర్‌మింట్ టీని 2010లో బ్రిటన్‌లో ఈ సమస్య ఉన్న ఆడవాళ్లకి రోజుకు రెండుసార్లు, నెల రోజులు ఇచ్చి చూశారు. మగ హార్మోన్ తగ్గింది, కొలిచి చూస్తే అవాంఛిత రోమాలు మాత్రం తగ్గలేదు. నేను రెండో సగం చదివేలోపే మండలి పుదీనా కట్టలు తెప్పించేసింది.

మర్నాడు పట్నం బజారులో ఒక మూలికల కొట్టుకి నన్నే పంపారు. ఆయన న్యూస్‌పేపరు పొట్లంలో గోధుమరంగు పొడి పోసి, పైన బాల్‌పెన్నుతో ‘స్త్రీలకు’ అని రాశాడు.

“ఇందులో ఏమేం ఉన్నాయండీ?”

“పద్దెనిమిది రకాలమ్మా. పేర్లు చెప్పకూడదు.”

“ఎంత వేసుకోవాలి?”

“మీ చేతికి వచ్చినంత.”

“సైడ్ ఎఫెక్టులు?”

“ఆకులకి సైడ్ ఎఫెక్టులేంటమ్మా!”

గన్నేరు, ఉమ్మెత్త కూడా ఆకులే కదా అని అడగబోయి, వెనక క్యూ చూసి ఊరుకున్నాను. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరిగి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ఆ పొట్లంలో అతిమధురం ఉందో లేదో ఆ పద్దెనిమిదింటికే తెలియాలి.

నెలసరి తేడాలు సరిచేస్తామని మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు. నోటితో చాటినా, వెలుగుతో చూపినా, చివరికి పొగ వదిలి చెప్పినా ప్రకటనేనట. ఆ లెక్కన మా మండలి మొత్తాన్ని సాంబ్రాణి గిన్నెతో సహా స్టేషనుకి తరలించాలి.

ఇంతకీ డాక్టరమ్మ రాసిన, షుగరుకి కూడా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏమయ్యాయి? ఇంగ్లీషు మందు, వేడి చేస్తుందని ఫ్రిజ్ మీదకి ఎక్కించారు. ఆ మాత్ర కథ మొదలైంది కూడా ఒక మొక్క దగ్గరే. యూరప్‌లో గలేగా అనే మొక్క ఉంది. దాని సారం రక్తంలో చక్కెర తగ్గించేది, కానీ మనిషికి ప్రమాదం. రసాయన శాస్త్రవేత్తలు దాని వరసలోనే మెట్‌ఫార్మిన్‌ని 1922లో తయారు చేస్తే, షుగరు రోగుల మీద దాని పనితనాన్ని ఫ్రెంచి డాక్టరు జాన్ స్టెర్న్ 1957లో ప్రకటించాడు. అంటే ఆ మూలిక మన వంటింట్లోకి మాత్రగా రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. చేతికొచ్చినంత అని ఎవరూ అనకపోవడం వల్లే ఆలస్యమై ఉంటుంది.

ఇదంతా సభలో చదివాను. “అయితే అది మూలికేనన్న మాట! ముందే చెప్పొద్దూ,” అన్నారు పిన్నిగారు. మాత్రలు ఫ్రిజ్ మీద నుంచి దిగాయి. పిల్ల తిన్నాక ఒకటి వేసుకుని పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడవడం మొదలుపెట్టింది.

మెంతి నీళ్లు మాత్రం ఆగలేదు. రాత్రి నానేసిన స్టీలు గ్లాసు, అడుగున ఉబ్బిన గింజలతో పొద్దున్నే బల్ల మీద సిద్ధం. పిల్ల బుద్ధిగా అందుకుని బాల్కనీలోకి వెళుతుంది, ఖాళీ గ్లాసుతో తిరిగొస్తుంది.

రెండు నెలలకి నెలసరి వచ్చింది. బాల్కనీలో కరివేపాకు మొక్క కూడా గుబురుగా చిగుర్లు వేసింది. మెంతుల ఘనతని మినిట్స్‌లో ఎక్కించమని మండలి ఆదేశం. ఎక్కించాను.